కారు ప్రేమికులూ, కారు బందీలూ: లాస్ ఏంజెలెస్ చెప్పే కథ

కారు మీద మక్కువ ఒక సంగతి. కారు లేనిదే గడప దాటలేకపోవడం మరొక సంగతి. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం లోకంలో పరిపాటి అయిపోయింది. అమెరికాలో పాలడబ్బా కొనుక్కోవడానికి సైతం కారు తీసేవాళ్ళను చూసి "వీళ్ళకు కార్లంటే ఎంత పిచ్చి!" అనుకుంటాం. బావి దూరంగా ఉన్న ఊళ్ళో ఇంటింటా బిందెలు ఎక్కువగానే ఉంటాయి. అంతమాత్రాన ఆ ఊరివాళ్ళకు బిందెలంటే మోజని ఎవరూ అనరు. నీళ్ళు దూరమని అంటారు.

స్పోర్ట్స్ కార్లను ఆరాధించేవారికీ, కారు మీద ఆధారపడిన నగరాలను నిరసించేవారికీ మధ్య చిరకాలంగా ఒక వాగ్వాదం నడుస్తోంది. రైళ్ళు, కాలిబాటలు, సైకిళ్ళు అనేవాళ్ళంతా తమ ఆనందాన్ని లాక్కోవడానికి వచ్చినవాళ్ళని మొదటివారి అనుమానం. వేగమనే వ్యసనం కోసం ఊళ్ళను తగలబెట్టినవాళ్ళు వీళ్ళేనని రెండోవారి అభియోగం. చరిత్రను కాస్త ఓపికగా తిరగేస్తే ఈ రెండు మాటలూ నిలబడవని నా అభిప్రాయం. డ్రైవింగ్‌లోని ఆనందాన్ని మింగేసింది రైలు కాదు, ప్రతివాడూ కారు నడపక తప్పని నగరం. ఇందుకు సాక్ష్యం చెప్పడానికి లాస్ ఏంజెలెస్‌ను మించిన ఊరు లేదు. కారును అంతగా ప్రేమించిన ఊరూ అదే, కారుకు అంతగా బందీ అయిన ఊరూ అదే. ఈ రెండు కథలూ అక్కడ పక్కపక్కనే నడిచాయి.

లాస్ ఏంజెలెస్ అలా విశాలంగా పరచుకోవడానికి కారే కారణమని చాలామంది నమ్మకం. నిజానికి ఆ ఊరిని మొదట పరిచింది రైలు. 1901లో హెన్రీ హంటింగ్టన్ పసిఫిక్ ఎలక్ట్రిక్ అనే విద్యుత్ రైలు సంస్థను నెలకొల్పాడు. ఎర్రరంగు బోగీలు కావడంతో జనం వాటిని రెడ్ కార్లు అనేవారు. 1920ల నాటికి ఆ సంస్థ పట్టాల మొత్తం పొడవు వెయ్యి మైళ్ళు, అంటే సుమారు 1,600 కిలోమీటర్లు దాటింది. పసడీనా నుంచి సముద్రతీరం దాకా, నారింజ తోటల మీదుగా అవి పోయేవి. హంటింగ్టన్ అసలు వ్యాపారం టికెట్లు కాదు, స్థలాలు. ముందు చవగ్గా భూమి కొనడం, అక్కడికి పట్టాలు వేయడం, ఆ తరువాత ప్లాట్లు చేసి అమ్మడం. రింగు రోడ్డు రాకముందే దాని పక్కన భూములు కొన్న ఘనులను ఎరిగిన మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. ప్లాట్లు అమ్ముడైపోయాక రైలు నడపడంలో లాభం అంతంతమాత్రమే. ఆ బలహీనతను మనం గుర్తుంచుకోవాలి.

అలా పరచుకున్న ఊళ్ళోకి కారు ప్రవేశించింది. వాన తక్కువ, మంచు అసలే లేదు. పైకప్పు లేని ఆనాటి కార్లను ఏడాది పొడవునా నడుపుకోవచ్చు. 1914లో కొందరు తమ సొంత కార్లలో అయిదు సెంట్లకు జనాన్ని ఎక్కించుకుని ట్రాముల ముందే పరుగెత్తించసాగారు. వీటికి జిట్నీలని పేరు. మన షేర్ ఆటోకు అమెరికన్ పెద్దన్నలనుకోండి. రెండు మూడేళ్ళలో నియమాలు వాటిని అణచివేశాయి గాని, ట్రాము కంటే కారు వేగంగా, ఇంటి ముందునుంచే పోతుందని జనానికి తెలిసిపోయింది. 1920ల మధ్యలో ఫోర్డ్ మోడల్ టి ధర 300 డాలర్ల లోపుకు దిగింది. అప్పటికే తలసరి కార్ల లెక్కలో లాస్ ఏంజెలెస్ అమెరికా నగరాలన్నిటికంటే ముందు వరసలో ఉంది.

1920 ఏప్రిల్‌లో ఒక విచిత్రం జరిగింది. నగర నడిబొడ్డున కార్లు ఆగి ఉండటంతో ట్రాములు కదలడం లేదని, పగటివేళ రోడ్డు పక్కన కార్లు నిలపడాన్ని నగర మండలి నిషేధించింది. ట్రాములు చకచకా కదిలాయి, కాని దుకాణాల్లో బేరాలు పడిపోయాయి. వర్తకులు గగ్గోలు పెట్టారు. సినీనటి క్లారా కింబల్ యంగ్ ముందు నడవగా కార్ల ఊరేగింపు తీశారు. కొద్ది వారాలకే నిషేధాన్ని సడలించారు. ట్రాములో వచ్చేవాళ్ళు సంఖ్యలో ఎక్కువే అయినా, డబ్బు ఖర్చుపెట్టే చేతులు కారులో వస్తున్నాయని ఆ ఊరు ఆ నెలలో తేల్చుకుంది. 1925లో కొత్త ట్రాఫిక్ నియమావళి వచ్చింది. అంతదాకా వీధిలో ఎక్కడైనా దాటే హక్కున్న పాదచారి, ఇకమీదట గీసిన గీతల మధ్యనే, చెప్పిన వేళకే దాటాలి. ఈ నియమావళి మిగతా అమెరికా నగరాలకు నమూనా అయింది. వీధి అనేది నడిచేవాడి సొత్తుగా ఉండటం మానేసిన సందర్భం అది.

ఇక ట్రాముల మరణం గురించి. పెద్ద కంపెనీలు కుట్రపన్ని రెడ్ కార్లను చంపేశాయన్న కథ మిత్రులలో చాలామంది వినే ఉంటారు. 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్' చిత్రం దాన్ని మరింత ప్రచారం చేసింది. అందులో కొంత నిజముంది. జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ మొదలైనవి పెట్టుబడి పెట్టిన నేషనల్ సిటీ లైన్స్ అనే సంస్థ 1945లో ఆ ఊరి పసుపురంగు ట్రాముల వ్యవస్థను కొన్నది. ఆ సంస్థ బస్సులు, టైర్లు, ఇంధనం తమ వద్దనే కొనేలా గుత్తాధిపత్యానికి కుట్ర చేశారని 1949లో ఫెడరల్ న్యాయస్థానం ఆ కంపెనీలను దోషులుగా తేల్చింది. జనరల్ మోటార్స్‌కు 5,000 డాలర్లు, అధికారులకు తలా ఒక్క డాలరు జరిమానా! అయితే రెడ్ కార్లు ఆ సంస్థ చేతిలో ఎన్నడూ లేవు. వాటిని చంపింది అంతకంటే మామూలు వ్యాధి. అవి చాలాచోట్ల కార్లు తిరిగే వీధుల్లోనే నడిచేవి, రోడ్లను అడ్డంగా దాటేవి. కార్లు పెరిగినకొద్దీ రైళ్ళు నెమ్మదించాయి. రైలు నెమ్మదించినకొద్దీ జనం కార్లు కొన్నారు. 1961 ఏప్రిల్ 9న లాంగ్ బీచ్ మార్గంలో చివరి రెడ్ కారు ఆగిపోయింది. 1963లో పసుపు ట్రాములు సైతం కనుమరుగయ్యాయి.

ఇదీ బందీల కథకు నాంది. ఇప్పుడు ప్రేమికుల దగ్గరికి వెడదాం. వారిని వెతకాలంటే ఊరు దాటి, కొండలు దాటి, మొహావీ ఎడారికి పోవాలి.

అక్కడ మ్యూరాక్ అనేచోట ఎండిపోయిన సరస్సు గర్భం ఉంది. అద్దంలా చదునైన నేల, మైళ్ళ తరబడి అడ్డులేదు. 1920, 30లలో లాస్ ఏంజెలెస్ కుర్రాళ్ళు పాత ఫోర్డ్ కార్లను కొని, మడ్‌గార్డులూ అద్దాలూ తీసేసి, ఇంజన్‌కు స్వయంగా మెరుగులు దిద్ది, వారాంతాల్లో ఆ సరస్సు మీద వేగం కొలుచుకునేవారు. వీటికే తరువాత హాట్ రాడ్ అని పేరు వచ్చింది. 1932లో ఫోర్డ్ చవగ్గా 65 అశ్వశక్తి గల వీ8 ఇంజన్‌ను తేవడం వారికి పండుగైంది. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడి, 1938 నుంచి పద్ధతిగా పందేలు నిర్వహించింది. యుద్ధకాలంలో మ్యూరాక్ పూర్తిగా సైన్యం వశమైంది. నేటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అదే. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రికను ప్రారంభించాడు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. వీధుల్లో ప్రాణాలమీదికి తెచ్చుకునే కుర్రాళ్ళను అదుపైన చోటికి మళ్ళించడం అతని ఆశయం. ఆ సంస్థ మొట్టమొదటి అధికారిక పందెం 1953 ఏప్రిల్‌లో పొమోనాలో, కౌంటీ తిరునాళ్ళ మైదానంలో జరిగింది. సరిగ్గా చెప్పాలంటే, ఆ మైదానపు పార్కింగ్ స్థలంలో.

ఈ కుర్రాళ్ళు కోరింది ఏమిటో గమనించండి. ఖాళీ నేల, తన చేతితో బాగుచేసుకున్న యంత్రం, తన నైపుణ్యాన్ని కొలిచే గడియారం. రోజూ ఆఫీసుకు నలభై మైళ్ళు పోయే హక్కును వారిలో ఎవరూ అడగలేదు.

యుద్ధానంతరం మరో రకం ప్రేమికులు బయలుదేరారు. బ్రిటన్ నుంచి ఎంజీ టీసీ అనే చిన్న కారు వచ్చింది. 1,250 సీసీ ఇంజను, 54 అశ్వశక్తి, స్టీరింగ్ కుడివైపే. మొత్తం పదివేలు తయారైతే అమెరికాకు చేరినవి రెండువేలు మాత్రమే. అయినా పెద్ద పడవల్లాంటి అమెరికన్ కార్లకు అలవాటుపడ్డవారికి, మలుపుల్లో చేతికీ చక్రానికీ మధ్య సంభాషణ ఉంటుందని అది తెలియజెప్పింది. 1954లో పోర్షే కంపెనీ, న్యూయార్క్ దిగుమతిదారు మాక్స్ హాఫ్‌మన్ కోరిక మీద 356 స్పీడ్‌స్టర్‌ను మూడువేల డాలర్ల లోపు ధరకు తెచ్చింది. హంగులన్నీ తగ్గించిన ఆ కారుకు దక్షిణ కాలిఫోర్నియాలో గొప్ప ఆదరణ దక్కింది. వీరి యాత్రాస్థలాలు నగరపు అంచునున్న కొండదారులు: 1924లో తెరిచిన మల్‌హాలండ్ రహదారి, 1929లో మొదలై 1956 నాటికి పూర్తయిన ఏంజెలెస్ క్రెస్ట్ మార్గం. ఈ ప్రేమలో మృత్యువు కూడా ఉంది. నటుడు జేమ్స్ డీన్ 1955 సెప్టెంబర్ 30న తన పోర్షే 550 స్పైడర్‌లో ప్రమాదానికి గురై 24 ఏళ్ళకే మరణించాడు.

ఇప్పుడు రెండు కథలూ కలిసే చోటికి వద్దాం. 1940 డిసెంబర్ 30న పసడీనా నుంచి లాస్ ఏంజెలెస్‌కు అర్రోయో సేకో పార్క్‌వే తెరిచారు. సిగ్నళ్ళు లేని, అడ్డరోడ్లు లేని అమెరికా పశ్చిమ తీరపు తొలి దారి అది. వాగు వెంట చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ, గంటకు 45 మైళ్ళ వేగానికి తీర్చిన దారి. కారు నడపడం అప్పటికింకా ఉల్లాసయాత్రే అన్న భావన ఆ వంపుల్లో కనిపిస్తుంది. అదే ఏడాది కహుయెంగా కనుమలో వేసిన కొత్త రహదారి నడిమధ్యన రెడ్ కార్ల పట్టాలు ఉండేవి. కార్లు అటూ ఇటూ, రైలు మధ్యన. కావలసినవాడు కారులో, అక్కరలేనివాడు రైలులో! చరిత్ర ఆ కనుమలో పన్నెండేళ్ళపాటు మరో దారి చూపించింది. 1952లో మరిన్ని వరసల కోసం ఆ పట్టాలను పెరికివేశారు.

ఎందుకు పెరికివేశారంటే, డబ్బు ఒకే దిక్కుకు ప్రవహించింది గనుక. 1947లో కాలిఫోర్నియా చట్టం చేసి పెట్రోలు పన్నును పెంచి రోడ్లకే కేటాయించింది. 1956లో ఫెడరల్ ప్రభుత్వం అంతర్రాష్ట్ర రహదారుల ఖర్చులో నూటికి తొంభై పాళ్ళు తాను భరిస్తానంది. రైలుకు అటువంటి దాత ఎవరూ లేరు. ఫ్రీవేలు వచ్చాయి. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్లు, వలసవచ్చిన శ్రామికులు నివసించే బాయిల్ హైట్స్‌ను ముక్కలు చేస్తూ 1960ల తొలినాళ్ళలో రహదారుల పెద్ద కూడలి లేచింది. శాంటా మోనికా ఫ్రీవే నల్లజాతి సంపన్నులు అప్పటికి కొద్దికాలం క్రితమే న్యాయస్థానంలో గెలిచి నిలబెట్టుకున్న షుగర్ హిల్ పేటను చీల్చుకుపోయింది. ధనికుల పేట బెవర్లీ హిల్స్ మీదుగా తలపెట్టిన ఫ్రీవే మాత్రం కాగితాల మీదనే ఆగిపోయింది. రోడ్డు ఎవరి ఇంటి మీదుగా పోతుందన్నది ఇంజనీరింగ్ ప్రశ్న మాత్రమే కాదని వేరే చెప్పనక్కరలేదు.

గాలి సంగతి ఇంకొకటి. 1943 జులైలో ఒకనాడు ఊరంతా కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. అది యుద్ధకాలం గనుక శత్రువుల విషవాయువేమోనని కొందరు భయపడ్డారు. ఒక రబ్బరు రసాయన కర్మాగారాన్ని అనుమానించి మూయించినా పొగ తగ్గలేదు. కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌స్మిట్ 1950ల తొలినాళ్ళలో అసలు గుట్టు విప్పాడు. వాహనాలూ, చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని తేల్చాడు. ఏ ఎండ కారును ఆ ఊరికి అంత ప్రియం చేసిందో, ఆ ఎండే కారు పొగను విషం చేసింది. కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి ఆయనే తొలి అధ్యక్షుడయ్యాడు. 1975 మోడళ్ళ నుంచి అమెరికా కార్లలో ఉత్ప్రేరక పరికరాలు, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి.

నగరం ఇలా మారుతుండగా, కార్ల కంపెనీలు ఒక కొత్త కిటుకు కనిపెట్టాయి. 1964 ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ విడుదలైంది. ధర 2,368 డాలర్లు. పొడవాటి ముక్కు, పొట్టి తోక, పరుగెత్తే గుర్రం బొమ్మ. లోపల మాత్రం చాలావరకు ఫాల్కన్ అనే మామూలు కుటుంబపు కారే. మొదటి ఏడాదిలో నాలుగు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి, రెండేళ్ళలోపే పది లక్షలు దాటాయి. మస్టాంగ్‌ను నేను తక్కువ చేయడం లేదు. దాని మేటి రూపాలు నిజంగా పందెపు గుర్రాలే. కాని కొన్నవారిలో అత్యధికులు దానితో పందేలు ఆడలేదు. ఫ్రీవే మీద వరసలో నిలబడ్డారు. ఎడారిలో పుట్టిన వేగమనే కలను రద్దీలో కూరుకుపోయిన గుమాస్తాకు ప్రతి ఉదయం ఓదార్పుగా అమ్మడం అక్కడ మొదలైంది. నేటికీ కారు ప్రకటనల్లో దారి ఖాళీగా ఉంటుంది. ముందు కారు లేదు, వెనుక కారు లేదు. ఆ ఖాళీ దారిని అమ్ముడైన ప్రతి కారూ కొంత కొంత తినేస్తుందని ప్రకటన చెప్పదు.

మరి వీరాభిమానులు ఏం చేశారు? వారు పోరాడారు, కాని గాలిమరల మీద. పత్రికా రచయిత బ్రాక్ యేట్స్ 1971 నవంబర్‌లో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్ పక్కనున్న రెడాండో బీచ్ దాకా ఖండాన్ని అడ్డంగా దాటే అనధికార పందెం పెట్టాడు. సమర్థుడైన చోదకుడి చేతిలో మంచి కారు, మంచి రోడ్డు ఉంటే వేగ పరిమితులు అనవసరమని చాటడం ఉద్దేశం. 1967లో లె మాన్స్ పందెం గెలిచిన డాన్ గర్నీతో కలిసి ఫెరారీ డేటోనాలో 35 గంటల 54 నిమిషాల్లో తానే గెలిచాడు. పాల్గొననివారి ప్రాణాలను కూడా పణంగా పెట్టే సాహసం గనుక దాన్ని మెచ్చుకోలేను. 1974లో చమురు సంక్షోభం వేళ దేశమంతటా గంటకు 55 మైళ్ళ పరిమితి వచ్చింది. 1995లో ఎత్తివేసేదాకా అభిమానుల ఆగ్రహమంతా దానిమీదే. పోలీసుల మీద, పొగ నియమాల మీద, బీమా కంపెనీల మీద వాళ్ళు రాసింది రాసి పోస్తే కొండంత అవుతుంది. కాని 55 మైళ్ళ పరిమితి గల రోడ్డు మీద 15 మైళ్ళ వేగంతో దేకుతున్నప్పుడు అడ్డుపడుతున్నది చట్టం కాదు, ముందున్న కారు. ఆ కారులో ఉన్నవాడికి డ్రైవింగ్ మీద ఏ ఇష్టమూ లేదు, వేరే దారి లేక వచ్చాడు. ఈ చిన్న విషయం మీద పెద్దగా ఎవరూ కలం ఎత్తలేదు.

ఈ నగరాన్ని సమర్థించినవారిలో మేధావి రేనర్ బాన్‌హమ్. లండన్ వాస్తు చరిత్రకారుడైన ఆయన ఈ ఊరిని అర్థం చేసుకోవడం కోసమే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. 1971లో వెలువడిన తన పుస్తకంలో ఫ్రీవేలను సైతం ఒక జీవావరణంగా, జనం ప్రశాంతంగా గడిపే ఒక ప్రత్యేక లోకంగా వర్ణించాడు. ఆయన మాటల్లో కొంత సత్యముంది. కారు ఎందరికో స్వేచ్ఛనిచ్చింది. పెళ్ళయి శివార్లలో చిక్కుకున్న స్త్రీకి, బస్సులో అవమానాలు ఎదుర్కొనే నల్లజాతి కుటుంబానికి, దూరపు కర్మాగారంలో పని దొరికిన కూలీకి సొంత చక్రాలు ఎంత గౌరవాన్నిచ్చాయో కాదనలేం. కాని స్వేచ్ఛ అంటే వద్దనే వీలు కూడా ఉండాలి. వద్దనడానికి వీల్లేనిది స్వేచ్ఛ కాదు, కప్పం.

ఆ కప్పం ఎంతో చూడండి. 2010 నాటికి లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటీ 86 లక్షల పార్కింగ్ స్థలాలు ఉన్నాయని 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కారుకు మూడు చొప్పున అన్నమాట. ఆ కౌంటీ పురపాలికల నేలలో నూటికి 14 పాళ్ళు కార్లు నిలబడటానికే పోయింది. ఉచిత పార్కింగ్‌కు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఆ ఊరి విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో ఒక బృహద్గ్రంథమే రాశాడు. కొట్టులో సరుకు ధరలో, ఇంటి అద్దెలో ఆ ఖర్చు దాగి ఉంటుంది, నడిచి వచ్చినవాడు కూడా దాన్ని కడతాడు. రోడ్లు వెడల్పు చేస్తే పోదా అంటే, 405 ఫ్రీవే మీద సెపుల్వెడా కనుమలో వందకోట్ల డాలర్లకు పైగా వెచ్చించి 2014లో మరో వరస తెరిచారు. రద్దీ వేళ ప్రయాణ సమయం తగ్గలేదు. రహదారి పొడవు పెరిగిన దామాషాలోనే బండ్ల తిరుగుడూ పెరుగుతుందని జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలతో నిరూపించారు. వెడల్పు చేసిన దారి కొత్త ప్రయాణాలను తానే పిలుస్తుంది.

దీనిలో అభిమానులు తరచు మరచిపోయే మరో కోణం ఉంది. "రోడ్డు మీద నడపడం రానివాళ్ళే ఎక్కువ, లైసెన్సులు సంతలో పంచినట్టు పంచుతున్నారు" అన్నది వారి నిత్య ఫిర్యాదు. నిజమే. అయితే కారు లేకపోతే కూలి లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదన్న ఊళ్ళో ఏ ప్రభుత్వం పరీక్షను కఠినం చేయగలదు? లైసెన్సు లాక్కోవడం అక్కడ నోటి దగ్గర కూడు లాక్కోవడమే. చూపు మందగించిన వృద్ధుడినీ, చేతకాని కుర్రాడినీ చక్రం వెనుక కూర్చోబెట్టేది ఆ నగరమే. జర్మనీలో రాత్రిపూట, ఆటోబాన్ మీద తప్పనిసరి శిక్షణ పొందాకే లైసెన్సు ఇస్తారు. రైలూ ట్రామూ ఉన్నాయి గనుక అలా పట్టుబట్టగలరు.

జపాన్ ఉదాహరణ ఇంకా స్పష్టం. 1962 నాటి చట్టం ప్రకారం నిలుపుకోవడానికి సొంత చోటు చూపిస్తేనే కారు నమోదు చేస్తారు. 1964లో షింకాన్‌సెన్ పట్టాలెక్కింది. కార్లంటే ఇష్టం లేని దేశమా అది? 1969లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, ఫెయిర్‌లేడీ జెడ్. 1990లో హోండా ఎన్ఎస్ఎక్స్. హకోనే కొండదారుల్లో ఆదివారం ఉదయం కనిపించే చోదకులు సోమవారం రైలులో ఆఫీసుకు పోగలరు. మాజ్డా ఎంఎక్స్-5 కథ మరీ ముచ్చటైనది. కాలిఫోర్నియా పత్రికా రచయిత బాబ్ హాల్ 1979లో మాజ్డా ఉన్నతాధికారి కెనిచీ యమమోతోకు, పాత బ్రిటిష్ కార్ల వంటి తేలికైన చిన్న స్పోర్ట్స్ కారును తిరిగి చేయమని సూచించాడు. తరువాత తానే ఆ సంస్థలో చేరాడు. ఏ నమూనా చేయాలన్న పోటీలో టోక్యో బృందం మీద కాలిఫోర్నియా బృందం నెగ్గింది. 1989లో వచ్చిన ఆ కారుకు 1.6 లీటర్ల ఇంజన్, 116 అశ్వశక్తి మాత్రమే. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణంగా కదలడమన్న అర్థం గల 'జిన్‌బా ఇట్టాయ్' అనే జపనీయ పలుకుబడిని దాని రూపకర్తలు ఆదర్శంగా పెట్టుకున్నారు. 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. వేగం కోసం కాక, నడపడంలోని రుచి కోసం కారు కొనేవాళ్ళు లోకంలో ఇందరున్నారు.

కనుక నా వాదన ఇది. కారును నిజంగా ప్రేమించేవాడు మంచి రైళ్ళ కోసం, నడవదగిన వీధుల కోసం అందరికంటే ముందు గొంతెత్తాలి. "ఇతరులు రైలెక్కితే నాకు రోడ్డు ఖాళీ అవుతుందన్న స్వార్థమే కదా ఇది?" అని అడగవచ్చు. కావచ్చు. కాని ఆ స్వార్థం వల్ల బడిపిల్లకు, ముసలివాడికి, కారు కొనలేనివాడికి మేలు జరుగుతుంటే అది తప్పు దిక్కున పోతున్న స్వార్థం కాదు. సంగీతం ఇష్టమైనవాడు ప్రతి ఇంటివాడూ రోజుకు రెండు గంటలు బలవంతంగా పాడాలని కోరడు.

మన హైదరాబాదు ప్రస్తావన తేకుండా ముగించలేకపోతున్నాను. అక్కడ 2003లో ఎంఎంటీఎస్, 2017లో మెట్రో వచ్చాయి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చింది. ఫ్లైఓవర్లకైతే లెక్కేలేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం కూడా చూశాం. ఆ పందెం కోసం వారం రోజులు దారులు మూసేస్తే మిగతా ఊరు ఎలా ఉక్కిరిబిక్కిరయిందో అక్కడివాళ్ళకు తెలుసు. కొండాపూర్ నుంచి ఆఫీసుకు ఎనిమిది కిలోమీటర్లు గంటలో దేకే మంచి కారు, తెల్లవారుజామున అనంతగిరి మలుపుల్లో మాత్రమే తన జన్మ సార్థకమనుకుంటుంది. మెట్రో స్టేషన్ నుంచి ఇంటిదాకా నడవడానికి కాలిబాట లేదని వాపోయేవాడూ, ఆ కారు యజమానీ ఒకే సమస్యకు రెండు వైపులా నిలబడి ఉన్నారు. ఒకరినొకరు ఎరగరు, అంతే.

లాస్ ఏంజెలెస్ నెమ్మదిగా ఎరుగుతోంది. 1990 జులైలో లాంగ్ బీచ్‌కు రైలు మళ్ళీ వచ్చింది, 1961లో ఆగిపోయిన రెడ్ కారు నడిచిన దారిలోనే చాలావరకు. 2008లోనూ 2016లోనూ రవాణా కోసం అమ్మకపు పన్ను పెంచుకోవడానికి ఆ కౌంటీ ఓటర్లే మూడింట రెండు వంతులకు మించి సమ్మతించారు. 2022లో కాలిఫోర్నియా, రైలు స్టేషన్ల సమీపంలో కట్టే ఇళ్ళకు ఇన్ని పార్కింగ్ స్థలాలు ఉండితీరాలన్న నిబంధనను తొలగించింది. ఆ లాంగ్ బీచ్ మార్గమే పెరిగి పెరిగి, పాత అర్రోయో సేకో పార్క్‌వే పరిసరాల మీదుగా, 2025 సెప్టెంబర్‌లో పొమోనా దాకా చేరింది. అక్కడ ఒక స్టేషన్ పేరు లా వెర్న్ - ఫెయిర్‌ప్లెక్స్. 1953లో హాట్ రాడ్ కుర్రాళ్ళు పార్కింగ్ స్థలంలో మొదటి పందెం ఆడిన తిరునాళ్ళ మైదానమే ఆ ఫెయిర్‌ప్లెక్స్. పందెపు బాట ఇప్పటికీ అక్కడే ఉంది.

1961లో చివరి రెడ్ కారు ఆగిన లాంగ్ బీచ్‌లో ఇవాళ రైలెక్కి, ఇంజన్ల గర్జన వినడానికి పొమోనాకు పోవచ్చు. రైలుకూ వేగానికీ వైరం లేదని ఆ ఊరు తెలుసుకోవడానికి అన్నేళ్ళు పట్టింది. మనకు అంత వ్యవధి లేదు, అంత నేలా లేదు. మిత్రులు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. ముఖ్యంగా కార్లంటే ప్రాణం పెట్టేవారు.